నీళ్లడగని కలబంద
(రేడియో ప్రసంగపాఠం)



గుమ్మానికి కలబంద మొక్కను వేళ్లు పైకి, ఆకులు కిందికి ఉండేలా కట్టడం మీరందరూ చూసే ఉంటారు. దిష్టి తగలకూడదని కడతాం. దానికి మట్టి లేదు, నీళ్లు లేవు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. రోజూ ఆ గుమ్మంలోనుంచే వస్తూ పోతూ కూడా నేను దాన్ని చూసి నేర్చుకోవలసింది నేర్చుకోలేదు. ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

2014లో మేము మేడ్చల్ దగ్గర ఇల్లు కట్టుకున్నాం. చుట్టూ కాస్త జాగా ఉంది కదా అని సంబరపడి, నల్లమట్టి కొని పోయించి గులాబీలు వేశాను. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎక్కువగా ఎర్రటి చెల్క నేలలే. కాస్త లోతు తవ్వితే మొరం, దాని కింద రాయి. 2015లో వానలు మొహం చాటేశాయి. మరుసటి ఎండాకాలానికి మా బోరు వట్టిపోయింది. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే రోజులొచ్చాయి. "తాగే నీళ్లు కొంటూ పూలకు పోస్తావా, అమ్మాయ్?" అన్నారు మా అత్తగారు. ఏం జవాబు చెప్పను? గులాబీలు ఎండిపోయాయి.

నీళ్లు తక్కువైనా బతుకుతుందంటే, పన్నెండు కలబంద పిలకలు తెచ్చి ఆ గులాబీ పాదుల్లోనే నాటాను. తక్కువ నీళ్లన్నారు గానీ నా మనసూరుకోదే! బియ్యం కడిగిన నీళ్లు రోజూ చెంబుడు పోసేదాన్ని. నెల తిరిగేసరికి మొదళ్లు పసుపుబారి, మెత్తబడి, పట్టుకుంటే చేతిలోకి ఊడివచ్చాయి. తెగులేమో అనుకున్నాను. శామీర్‌పేట నుంచి కూరగాయలు తెచ్చే అవ్వ చూసి నవ్వింది. "గన్ని నీళ్లెందుకు బిడ్డా? దర్వాజకు తలకిందుల ఏలాడి బతికేదానికి దినాం చెంబుడు పోస్తవా? నువ్వే సంపినవ్!" అంది.

అవ్వ మాట అక్షరాలా నిజం. ఎండాకాలం మనం పగలు తలుపులు బిగించుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాం కదా! కలబంద కూడా అంతే. ఆకుల మీది సన్నని రంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటుంది. అందువల్ల లోపలి తడి ఎండకు ఆవిరైపోదు. ఆకులోని గుజ్జే దానికి నీటి తొట్టి. అది నిండుగా ఉండగా మనం వేరు దగ్గర మళ్లీ నీళ్లు నిలబెడితే కుళ్లక ఏం చేస్తుంది?

రెండోసారి నేను చేసిన పద్ధతి చెబుతాను. పిలకను తల్లి మొక్క నుంచి వేరుచేసి, తెగినచోట ఆరేదాకా రెండు మూడు రోజులు నీడన ఉంచాను. నల్లమట్టి తీసేసి, మన ఎర్రమట్టిలోనే ఇసుక, కాస్త మాగిన పశువుల ఎరువు కలిపాను. నేలను కొంచెం మెరక చేసి, అడుగున్నర ఎడంగా నాటాను. కుండీలో వేసేవారు అడుగున చిల్లు ఉందో లేదో చూసుకోండి. వానాకాలంలో నేను నీళ్లు పోయను. చలికాలంలో రెండు మూడు వారాలకోసారి, ఎండాకాలంలో వారం పది రోజులకోసారి పోస్తాను. అదైనా వేలు గుచ్చి చూసి, లోపల పొడిగా ఉంటేనే. ఆకులు పలచబడి లోపలికి ముడుచుకుంటే దాహమని అర్థం. మెత్తబడి పసుపుబారితే నీళ్లెక్కువైనట్టు. మండుటెండకు ఎర్రబారితే భయపడకండి, కాస్త నీడ తగిలితే మళ్లీ పచ్చబడుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆకు కోయగానే కారే పసుపు పసరు ఎండబెడితే వచ్చేదే ముసాంబరం. అది తీవ్రమైన విరేచనకారి. ఆ పసరుతో చేసిన విరేచన మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మడాన్ని అమెరికాలో 2002లో ఆపేశారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కలబంద రసం జోలికి పోవద్దు. ఒంటికి రాసుకునేవారు అడుగు ఆకు కోసి, కాసేపు నిలువుగా ఉంచి, పసరు కారిపోయాక గుజ్జు తీసుకోండి. ముందు మోచేతి మీద కొంచెం రాసి చూసుకోండి.

ఇప్పుడు మా పెరట్లో నలభైకి పైగా మొక్కలున్నాయి. అడిగినవారికి పిలకలిచ్చి పంపుతుంటాను. ఇస్తూ ఒక్క మాటే చెబుతాను, మీకూ అదే చెబుతున్నాను. పెంపకమంటే పోయడమే కాదు, చేయి ఆపుకోవడం కూడా. ఈ ఎండాకాలం కలబందకు పోయబోయిన ఆ చెంబుడు నీళ్లు ఒక మూకుట్లో పోసి గోడమీద పెట్టండి. పిట్టలు తాగుతాయి.

సెలవు.