శాఖ మారిన వైద్యులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో కావ్యప్రసంగము విందమని వచ్చినవారికి నేటి విషయము కొంత వింతగా తోచవచ్చును. ఒక వైద్యుడు ఒక శాఖలో శిక్షణ ముగించి, పట్టము పుచ్చుకొని, పిదప దానిని విడిచి వేరొక శాఖకు పోవుట తగునా అనునది ప్రశ్న. ఇది పట్టణపు వైద్యుల ఇంటిగొడవ, సీలేరునకు దీనితో నేమి పని యని అనుకొనరాదు. గర్భిణిని డోలీలో పరుండబెట్టి, వాగులు దాటించి, రోడ్డునకు చేర్చవలసిన గూడెములు ఈ కొండలలో నేటికిని కలవు. ఆ డోలీ ఆసుపత్రి గుమ్మమునకు చేరిన రాత్రి లోపలనున్న వైద్యుడు ఏ శాఖవాడనునది ఇచ్చటివారికి ప్రాణములతో కూడిన ప్రశ్న.

వైద్యమును శాఖలుగ విభజించుట పాశ్చాత్యులు తెచ్చిన పద్ధతియని కొందరందురు. అది పొరపాటు. ఆయుర్వేదమునకు అష్టాంగములు కలవు. కత్తితో చేయు చికిత్స శల్యము. కన్ను, చెవి, ముక్కు మొదలగు మెడకు పైనున్న అవయవముల చికిత్స శాలాక్యము. శిశువులను, వారిని పెంచు స్త్రీలను గూర్చినది కౌమారభృత్యము. తక్కిన అయిదింటితో నేడు పనిలేదు. సుశ్రుతసంహితలోని ఉత్తరతంత్రము నేత్రరోగములతోనే ఆరంభమగును. అందు డెబ్బదియారు నేత్రరోగములు లెక్కింపబడినవి. ఇంత సూక్ష్మముగ విభజించినవాడును వైద్యుడు తన అంగమొక్కటి యెరిగినచో చాలుననలేదు. పలుశాస్త్రములు విన్నవాడై యుండవలెననియే ఆయన మతము.

నేటి పద్ధతి వేరు. నాలుగున్నర యేండ్లు చదువు, ఒక యేడు ఇంటర్న్‌షిప్, ఆపైన నీట్ పి.జి. పరీక్ష. అందు వచ్చిన ర్యాంకును బట్టి శాఖ. ఎముకల వైద్యము కోరినవానికి మత్తువైద్యము దొరకును. శిశువైద్యము కోరిన పిల్లకు సూక్ష్మజీవశాస్త్రము దొరకును. మూడేండ్లు రాత్రింబవళ్లు డ్యూటీలు చేసి బయటపడునప్పటికి వయస్సు ముప్పదికి దగ్గరపడును. అప్పుడు మనస్సు మారినచో మరల పరీక్ష, మరల మూడేండ్లు. ఇంటివద్ద పెండ్లిమాటలు, అప్పులు, తండ్రి ముసలితనము. చదివినదంతయు బూడిదలో పోసిన పన్నీరాయెనని బంధువులు నొచ్చుకొందురు. ఆ బంధువులు ఇద్దరి చరిత్రములు వినవలసి యున్నది.

మొదటివారు మనవారే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. స్ప్రూ యను ఉష్ణదేశపు గ్రహణిరోగము ఇద్దరు సోదరులను పొట్టనబెట్టుకొనెను. తామును ఆ రోగమున బడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొనిరి. మదరాసులో వైద్యము చదివి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించి, 1922లో అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరిరి. పొట్టకూటికై ఆసుపత్రిలో పరిచారకుని పని చేసిరి. ఆ విద్య ముగిసినది. చేతిలో డిప్లమా యున్నది. స్వదేశమునకు వచ్చి జ్వరములకును గ్రహణులకును మందిచ్చుకొనుచు గౌరవముగ బ్రతుకవచ్చును. వారు రాలేదు. రోగిని విడిచి గాజునాళికలను పట్టిరి, జీవరసాయనశాస్త్రమున ప్రవేశించిరి. 1925లో ఫిస్కేతో కూడి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు పదార్థములపై వారి పరిశోధనలును ఆ తరువాతి సంవత్సరములలోనివే. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. 1945 నాటికి వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. స్ప్రూ రోగులకు పనిచేసిన మందులలో అది యొకటి! 1947లో వెలువడిన హెట్రజాన్ బోదకాలునకు కారణమైన క్రిములపై పనిచేయును. బోదకాలు గోదావరి జిల్లాలవారు కండ్లార చూచిన పీడ. 1948లో వారు కాలధర్మము నొందిరి. విడిచిపెట్టిన శాఖకు వెనుకదారిని వచ్చి రెండు మందులిచ్చిపోయిన వైద్యుడని చెప్పిన చెల్లును.

రెండవవారి కథ ఇంత సుఖముగ ముగియదు. డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1918లో తమిళనాట మధురకు దక్షిణమున వడమలాపురమను పల్లెలో వ్యవసాయకుటుంబమున జన్మించిరి. బడిలో పలకలు లేవు. ఏటి యిసుక తెచ్చి పరచుకొని వ్రేళ్లతో అక్షరములు దిద్దిరి. శ్రోతలు ఆ వ్రేళ్లను కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను. పదేండ్లు నిండకమునుపే వరుసకు అక్కచెల్లెండ్రయిన ముగ్గురు గర్భిణులై యుండి మరణించుట చూచిరి. పల్లెకు వైద్యుడు లేడు. ప్రసూతివైద్యుడు కావలెనని ఆ బాలుడు నిశ్చయించుకొనెను. 1944లో మదరాసు స్టాన్లీ కళాశాలలో వైద్యపట్టము పొంది, 1945 మొదలు 1948 వరకు సైన్యపు వైద్యదళమున పనిచేసిరి.

కోరిన శాఖ చేతికందు సమయమున, ముప్పదియేండ్ల ప్రాయమున, రుమటాయిడ్ అను తీవ్రమైన కీళ్లవాతము పట్టుకొనెను. నెలల తరబడి మంచమున పడిరి. లేచి నిలుచుటయే కష్టము. చేతివ్రేళ్లు వంకరలు తిరిగి ఆజన్మాంతము అట్లే యుండిపోయెను. కలము పట్టుటయు మరల నేర్చుకొనవలసి వచ్చెను. కాన్పు చేయువానికి గంటలకొలది నిలుచు కాళ్లు కావలెను, శిశువును పట్టి తీయు బలము కావలెను. ఆ రెండును పోయినవి. బాల్యమునాటి సంకల్పము అక్కడితో ఆగిపోయెను. దీనిని తీపిమాటలతో కప్పుట అన్యాయము. ఆ ముగ్గురు స్త్రీల ఋణము ఆయన అనుకొన్న రీతిని ఎన్నడును తీరలేదు.

అప్పుడాయన నేత్రవైద్యమునకు మరలిరి. సుశ్రుతుని మాటలలో చెప్పినచో కౌమారభృత్యము విడిచి శాలాక్యమున ప్రవేశించిరి. 1951లో నేత్రవైద్యమున డిప్లమా పొందిరి. కన్ను తేలికయని కాదు. వెండ్రుకవాసి తప్పినను చూపు పోవును. తన వంకరవ్రేళ్లకు సరిపడునట్లు పనిముట్లు చేయించుకొని, కత్తి పట్టుట మొదటినుండి అభ్యసించిరి. ఇసుకలో అక్షరములు దిద్దిన వ్రేళ్లే ఇవి. కాలక్రమమున ఒక్కదినమున నూరు శుక్లముల వరకు తీయగలిగిరి. మొత్తముమీద లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేసిరి. 1956లో మధుర వైద్యకళాశాలలో నేత్రశాఖకు అధిపతియై, పల్లెలకు శిబిరములు నడిపిరి. 1976లో ఉద్యోగవిరమణ చేసి, తోబుట్టువులను కూర్చుకొని, పదకొండు పడకలతో అరవింద నేత్రాలయము స్థాపించిరి. ఇచ్చుకొనగలవారి రుసుముతో ఇచ్చుకొనలేనివారికి ఉచితముగ చికిత్స జరుగునట్లు ఏర్పాటు చేసిరి. కంటిలో అమర్చు కటకముల వెల పేదలకు అందకుండుట చూచి, 1992లో ఆరోలాబ్ అను కర్మాగారము నెలకొల్పి చౌకగ చేయించిరి. 2006 జూలై 7న పరమపదించిరి.

గ్రామలెక్కలు చూచినవారికి ఒక సంగతి తెలియును. అడంగలులో ఏటేట పంట గడి మారును. సర్వే నెంబరు మారదు. సుబ్బారావుగారికి ఉష్ణదేశరోగముల చదువు, వెంకటస్వామిగారికి కాన్పుగదికై కట్టుకొన్న దీక్ష అట్టి నెంబరులే.

అట్లని శాఖ మార్చినవారందరును ఈ ఇద్దరివంటివారే యనుట కల్ల. తెల్లవారుజామున ఎవరును తలుపు తట్టరను ఆశతో మారువారు కలరు. మంచి ర్యాంకు తెచ్చుకొన్నవారిలో ఎందరో ఎక్స్‌రే, స్కానింగుల శాఖకును, చర్మవైద్యమునకును ఎగబడుట అందరును ఎరిగినదే. అది వారి హక్కు; తప్పుపట్టుటకు వీలులేదు. ముచ్చటపడుటకును వీలులేదు. ఇష్టములేని శాఖలో బలవంతముగ నిలిచి, రోగి ముఖము చూడక మందు వ్రాయువాడు మారినవానికంటె మేలని మాత్రము చెప్పలేము.

మన్యపు లెక్క మరియొకటి యున్నది. ఏజెన్సీలో పనిచేసిన ప్రభుత్వవైద్యులకు పి.జి. సీట్లలో వాటా కలదు. కొండయెక్కి వచ్చిన యువకుడు జ్వరములు, పాముకాట్లు, కాన్పులు అన్నియు చూచి, చేయి తిరిగిన సమయమునకు సీటు వచ్చి దిగిపోవును. పోయి ఏ శాఖ చదువును, చదివినది చాలక మరేమి చదువును, తిరిగి వచ్చునా? విశాఖపట్టణమున 1923లో ఆంధ్ర వైద్యకళాశాల ఏర్పడిన నూరేండ్ల పిమ్మట, 2024లో పాడేరునకు వైద్యకళాశాల వచ్చినది. ఇక ఈ ప్రశ్న కొండమీదనే వినబడును.

డోలీలో వచ్చు గర్భిణికి నెలనెల ఇచ్చు ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లము కలిసియుండును. కాన్పుగదితో సంబంధములేని సుబ్బారావుగారి పని ఆ తల్లి కొంగుముడిలో సీలేరు వరకు వచ్చినది. కాన్పులు చేయగోరిన వెంకటస్వామిగారి మార్గము, ఆమె అత్తగారి కంటిపొర దగ్గరకు పోయినది. అయినను మాత్రతో కాన్పు కాదు, చేతులు కావలెను.

ఈ గ్రంథాలయపు బల్లపై చదువుకొనుచున్న పిల్లలలో ఒకతె రేపు వైద్యురాలు కావచ్చును. ర్యాంకు ఆమెను ఏ శాఖలో పడవేయునో, పట్టము పొందిన పిదప ఆమె మనస్సు ఎటు తిరుగునో ఎవరు చెప్పగలరు? మారదలచినచో ఆమె తలిదండ్రులు ఈ ఇద్దరి కథలు చదువుకొని ఊరకుందురుగాక. ఆమెకు ప్రసూతిశాఖ దొరికి, అందే నిలువదలచినచో మాత్రము, రాత్రినిద్ర చెడునని చెప్పి మాన్పించుటకు ఎవ్వరును ఆ ఇంటికి పోవలదని గ్రామస్థులకు మనవి.