విదేశ విశ్వవిద్యాలయ నిర్ణయము
(మహాసభయందలి విద్యావిషయక సమావేశమున చేసిన యుపన్యాసము)



విదేశములకు బోవు మన విద్యార్థులు విశ్వవిద్యాలయమును ఎట్లు నిర్ణయించుకొనవలయునో ఈ సభయందు ముచ్చటింపుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరియున్నారు. సముద్రము దాటవచ్చునా, దాటరాదా యను చర్చ మనలో నెన్నడో ముగిసినది. నేడు ఇంటికొకరు కాకున్నను వీథికొకరైనను దాటినవారే. కావున మిగిలిన ప్రశ్న యొక్కటియే: ఎచ్చటికి బోవలయును, ఎవరి మాట నమ్మి పోవలయును?

పెండ్లిసంబంధమునకు అటు ఏడుతరములు, ఇటు ఏడుతరములు విచారించు మనము, పొలము కుదువబెట్టి బిడ్డను బంపు విద్యాలయమును గూర్చి మాత్రము పట్టణములోని కన్సల్టెన్సీవారు చూపిన రంగుల పుస్తకముతో తృప్తి జెందుచున్నాము. ఇది మిక్కిలి విచారింపదగిన విషయము.

జరిగిన సంగతులను జ్ఞాపకము చేయుదుము. 2011 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ప్లెజంటన్ పట్టణమందు, ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమను పేర నడచుచుండిన సంస్థపై అచ్చటి అధికారులు దాడి చేసిరి. అందలి విద్యార్థులలో పెక్కుమంది భారతీయులు. వారిలోను తెలుగువా రధికము. చదువు నామమాత్రము, ఫీజు పుచ్చుకొని వీసాకు వలయు పత్రముల నిచ్చుటయే అసలు వ్యాపారము. సంస్థాపకురాలికి 2014లో 16 సంవత్సరములకు పైబడిన కారాగారశిక్ష పడినది. న్యాయము జరిగినదనవచ్చును. కాని కొందఱు విద్యార్థుల కాళ్లకు రేడియో కడియములు తగిలించిన చిత్రములను పత్రికలలో జూచిన తల్లిదండ్రులు వానిని మఱవజాలరు.

మఱవజాలరని యంటిమి గాని, ఎనిమిదేండ్లలో మఱచితిమి. 2019 జనవరిలో మిచిగన్ రాష్ట్రపు ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయ వ్యవహారము బయటపడెను. ఇది మోసగాండ్రు పెట్టినది కాదు. అమెరికా ప్రభుత్వాధికారులే ఎరగా నెలకొల్పినది. తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. విద్యార్థులను జేర్పించిన ఎనమండుగురు దళారులపై నేరము మోపబడినది, వారు తెలుగువారే. నిర్బంధింపబడిన విద్యార్థులలో దాదాపు అందఱును భారతీయులే.

ఇందు మన మెఱుగవలసిన మర్మ మొకటి కలదు. ఆ సంస్థ పేరు ప్రభుత్వపు అనుమతి పట్టికలో నుండెను! కావున పట్టికలో పేరున్నది గదా యని నిద్రింపరాదు. పేరు లేనిచో దానిని వెంటనే విడువవలసినదే; ఉన్నచో విచారణ అప్పుడే మొదలైనదని తలంపవలయును. పాఠము చెప్పువా రెవరు? వారానికి ఎన్ని దినములు తరగతులు జరుగును? పోయిన సంవత్సరము ఆ శాఖలో చదివినవారు ఇప్పు డెచ్చట నున్నారు? విద్యార్థి తానే అందలి ఆచార్యున కొక జాబు వ్రాయవలెను. కన్సల్టెన్సీవారు వ్రాసిపెట్టిన జాబు పనికిరాదు. తాను చేరదలచిన శాఖకు రెండు ప్రశ్నలు వ్రాసుకొనజాలనివాడు అచ్చట రెండేండ్లు ఎట్లు చదువగలడు?

కొందఱు విద్యార్థులు చదువు లేదని తెలిసియే చేరిరని అచ్చటి ప్రభుత్వము వాదించినది. ఈ మాట మనకు కష్టముగానే యుండును. అయినను ఇంటిలో పిల్లవానిని కూర్చుండబెట్టి, చదువునకా, సంపాదనకా, దేనికి బోవుచున్నావని అడుగవలసినదే. అప్పు తీర్చుటకు వాడు మొదటినెల నుండియే పని చేయునని లెక్కవేయు తండ్రులు పెక్కండ్రు. అమెరికాలో విద్యార్థివీసాపై నున్నవారు మొదటి విద్యాసంవత్సరమున విద్యాలయపు ఆవరణమునకు వెలుపల పని చేయరాదు. ఆవరణములోనైనను చదువు జరుగు దినములలో వారమునకు 20 గంటలకు మించరాదు. ఆ లెక్కపై ఆధారపడి చేసిన అప్పు, పిల్లవానిని చట్టమునకు వెలుపలికి నెట్టును.

ఇక ఏజెంట్ల సంగతి. సలహా ఉచితమని వారందురు. అమెరికా చట్టము, స్వదేశ విద్యార్థులను జేర్చినందుకు తలకింతయని కమిషను ముట్టజెప్పుటను నిషేధించినది. విదేశములలో నుండు పరదేశ విద్యార్థుల విషయమున మాత్రము సడలింపు నుంచినది. తమ బిడ్డలకు కూడనిది మన బిడ్డలకు కూడినది! బ్రిటనులోను, ఆస్ట్రేలియాలోను గూడ కమిషను వాడుకయే. పుచ్చుకొనుట నేరమని మే మనుట లేదు. అయ్యా, మీకు సొమ్ము ఇచ్చువా రెవరు, మేమా, ఆ విద్యాలయమువారా యని అడుగుటకు మనము సిగ్గుపడనక్కఱలేదు.

జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములు చాలవఱకు బోధనరుసుము పుచ్చుకొనవు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రము మాత్రము 2017 నుండి ఐరోపాసమాఖ్యకు వెలుపలివారి యొద్ద అర్ధసంవత్సరమునకు 1,500 యూరోలు గైకొనుచున్నది. భోజనవసతుల వ్యయము మనదే. పట్టపరీక్షవఱకు బోధన హెచ్చుగా జర్మనుభాషలోనే. ఇట్టి మార్గ మొకటి కలదని ఏజెంటు నోట వినుట అరుదు, కారణము చెప్పనక్కఱలేదు. వైద్యవిద్యకు బోవువారు 2021 నాటి జాతీయ వైద్యసంఘ నియమములను ముందుగా చదువవలయును. ఆంగ్లమాధ్యమమున 54 మాసముల చదువును, ఆ సంస్థయందే 12 మాసముల శిక్షణమును లేనిచో, స్వదేశమున వైద్యము చేయ నర్హత దొరకదు.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు గత శతాబ్దపు మూడవ దశకమున ఉష్ణమండల వ్యాధులను గూర్చి చదువదలచి హార్వర్డునకు బోయిరి. తనకు వలసిన విద్య యేదో ముందు నిశ్చయించుకొని, దానిని చెప్పుచోటికి బోయినవా రాయన. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మనిధి ఆయనకు సాయపడినది. దాతది యొక కులము, విద్యార్థిది వేఱొక కులము. ఇది కులసభయే యైనను ఈ మాట చెప్పక విడువజాలము.

మఱియొక మాట. అల్లుని విదేశవిద్యకు లక్షలు ముట్టజెప్పువారు మనలో నున్నారు. ఆ సొమ్ముతో ఆ కన్యయే పోయి చదువుకొనవచ్చునని వారికి తోచకుండుట వింత. మన విద్యానిధికి వచ్చు దరఖాస్తులలో బాలికల పేర్లు వ్రేళ్లపై లెక్కింపదగినంతయే.

కావున విద్యానిధి పక్షమున రెండు నియమములను సభవారి ముందుంచుచున్నాము. ఋణము గోరువారు ఆ శాఖలో ఇప్పుడు చదువుచున్న విద్యార్థి యొకనితో తాము జరిపిన ఉత్తరప్రత్యుత్తరములను దరఖాస్తునకు జతపఱుపవలయును. రెండవది, ఏటేట మంజూరగు ఋణములలో సగము బాలికలకై ప్రత్యేకింపవలయును. ఈ సాయంకాలము తీర్మానములు చర్చకు వచ్చునప్పుడు, రెండవదానిని వ్యతిరేకింపదలచినవారు దయచేసి తమ కుమార్తెలను గూడ సభకు దోడ్కొని రావలసినదని ప్రార్థించుచున్నాము.