కొత్త కంప్యూటరుకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు: శాఖా కార్యాలయాలు ఎంచుకోవలసిన తీరు

(శాఖా కార్యదర్శుల, కోశాధికారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



శాఖా కార్యాలయానికి కొత్త కంప్యూటరు కొనవలెనని కార్యవర్గం తీర్మానించినప్పుడు చర్చ సాధారణంగా ధర వద్దనే ఆగిపోతుంది. ఏ కంపెనీది, ఎంత మెమరీ, ఎన్ని సంవత్సరాల వారంటీ అని మూడు కొటేషన్లు తెప్పించుకుంటాము. ఆ యంత్రంలో ఏ సాఫ్ట్‌వేరు ఉండవలెనన్న ప్రశ్నను మాత్రం దుకాణదారునికే వదలివేస్తాము. అతడు తనకు తోచినది, తరచుగా లైసెన్సు లేని నకలును, ఎక్కించి ఇస్తాడు. సభ్యుల చందా జాబితా, కోశాధికారి పద్దులు, యాజమాన్యానికి సమర్పించిన డిమాండ్ల పత్రాలు, లేబర్ కోర్టులో దాఖలు చేసిన కాగితాలు - ఇవన్నీ ఆ నకలును నమ్ముకొని ఉంటాయి. ఈ పద్ధతిని ఎందుకు మానుకోవలెనో, దాని స్థానంలో ఏమి చేయవలెనో మనవి చేయుటయే నా ప్రసంగ ఉద్దేశం.

యంత్రం ఎవరి అదుపులో?

కంప్యూటరు విషయంలో మన దేశ కార్మికోద్యమానికి పాత అనుభవమే ఉన్నది. 1960వ దశకపు ద్వితీయార్ధంలో కలకత్తాలోని ఇలాకో భవనంలో జీవిత బీమా సంస్థ కంప్యూటరును నెలకొల్పబూనగా, ఉద్యోగులు రాత్రింబవళ్ళు కాపలా కాచి అడ్డుకొన్నారు. ఆ తరువాత 1983 సెప్టెంబరులో బ్యాంకు యాజమాన్యాలకు, ఉద్యోగ సంఘాలకు మధ్య యాంత్రీకరణ, కంప్యూటరీకరణలపై ఒప్పందం కుదిరినది. అడ్డగింపు నుండి ఒప్పందానికి వచ్చినా మౌలిక ప్రశ్న ఒక్కటే: యంత్రం ఎవరి అదుపులో ఉన్నది, దాని నియమాలను ఎవరు నిర్ణయిస్తారు?

సరిగా అదే 1983 సెప్టెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేస్తున్న రిచర్డ్ స్టాల్‌మన్, ఇదే ప్రశ్నను మరొక వైపునుండి లేవనెత్తి, గ్నూ అను పథకాన్ని ప్రకటించారు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు రూపుదిద్దుకొన్నవి. 1991లో ఫిన్లాండుకు చెందిన విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేయగా, ఈ రెండూ కలిసి నేడు గ్నూ/లినక్స్ అని మనం పిలిచే నిర్వాహక వ్యవస్థ ఏర్పడినది.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అను మాటకు రెండర్థాలుండుట వలన ఎంతో గందరగోళం కలిగినది. తెలుగులో ఆ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనగా నాలుగు హక్కులు గలది: ఏ పనికైనా వాడుకొనే హక్కు, అది పనిచేసే తీరును చదివి తెలుసుకొనే హక్కు, ఇతరులకు పంచే హక్కు, మార్చి ఆ మార్పులను కూడా పంచే హక్కు. సొమ్ము చెల్లించనక్కరలేదనునది వీటి వలన కలిగే ఫలితమే గాని, అసలు సూత్రం కాదు. ఉచితంగా దొరికే ప్రతి సాఫ్ట్‌వేరూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కాదు. ధర లేకుండా ఇచ్చి, ప్రకటనలు చూపి, మన సమాచారాన్ని సేకరించి లాభం గడించే సరకు కూడా బజారులో విస్తారంగా ఉన్నది. అందుచేత ‘ఎంత?’ అని అడుగుటతో ఆగక ‘ఏ లైసెన్సు?’ అని అడుగుట అలవరచుకోవలెను.

నకలు కాపీ వలన ముప్పు

కొందరు మిత్రులు ‘ఊరంతా నకలే వాడుతుంటే మనకేమిటి?’ అంటారు. 1957 నాటి కాపీరైటు చట్టంలో 63బీ అను సెక్షను ఉన్నది. అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రామును వాడినవారికి ఏడు రోజులకు తగ్గకుండా మూడు సంవత్సరాల వరకు జైలు, 50,000 రూపాయలకు తగ్గకుండా 2 లక్షల వరకు జరిమానా విధించవచ్చును. లాభం కొరకు గాని, వ్యాపార కార్యకలాపాలలో గాని వాడలేదని రుజువైనచో జైలుశిక్ష లేకుండా 50,000 రూపాయలకు మించని జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు కలదు. అయినను, యాజమాన్యంతో తగవు ముదిరిన వేళ మన కార్యాలయంపై ఫిర్యాదు చేయుటకు ఇంత సులువైన ఆయుధాన్ని మనమే ఎందుకు అందించవలెను?

చట్టం మాట అటుంచినా, నకలు ప్రతికి భద్రతా సవరణలు సరిగా అందవు. తాళం పగులగొట్టిన ప్రోగ్రాముతో పాటు వైరస్ కూడా వచ్చుట సర్వసాధారణం. సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు ఉన్న యంత్రంలో ఇది చిన్న విషయం కాదు. సంఘంలో చేరినందుకే బదిలీకి గురయ్యే కార్మికులున్న చోట సభ్యత్వ జాబితా బయటకు పొక్కితే దాని మూల్యం చెల్లించేది కార్యదర్శి కాదు, ఆ సభ్యుడు.

మరొక సంగతి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. మన కార్యాలయాలలోని పాత యంత్రాలు అనేకం విండోస్ 11 కోరే అర్హతలకు సరిపోవు. ఇట్టి వాటిని పాత ఇనుము కింద అమ్మవలసిన పనిలేదు. నాలుగు గిగాబైట్ల మెమరీ గల యంత్రంపై లినక్స్ మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం చక్కగా పనిచేస్తుంది. కొత్తగా కొనేవారు ‘డాస్’ అని పేర్కొని, విండోస్ లేకుండా అమ్మే యంత్రాన్ని అడిగినచో కొంత సొమ్ము మిగులుతుంది.

ఏ పనికి ఏది?

ఇక ఆచరణకు వద్దాము. శాఖ పనులను ముందు కాగితంపై రాసుకొని, ఒక్కొక్క పనికి ఒక్కొక్క సాధనాన్ని ఎంచుకోవలెను. పని లేని ప్రోగ్రాములతో యంత్రాన్ని నింపరాదు.

ఉత్తరాలు, సర్క్యులర్లు, పద్దుల పట్టికలకు లిబ్రెఆఫీస్ చాలును. 2010లో ఓపెన్ఆఫీస్ నుండి విడివడిన ఈ సంపుటిని డాక్యుమెంట్ ఫౌండేషన్ నిర్వహిస్తున్నది. ఇది పత్రాలను ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్‌లో భద్రపరుస్తుంది. 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందిన ఆ ఫార్మాట్ ఏ ఒక్క కంపెనీ సొత్తు కాదు. ఒక వేతన బకాయిల దావా పదిహేనేళ్ళు నడచుట మనలో ఎవరికీ కొత్త కాదు. తొలి సంవత్సరంలో రాసిన పత్రం చివరి సంవత్సరంలో తెరచుకోవలెనన్నచో ఫార్మాట్ ఎంపికయే కీలకం. జంట పద్దుల విధానంలో లెక్కలు రాయదలచిన కోశాధికారులకు గ్నూక్యాష్ కలదు.

ఇంటర్నెట్ చూచుటకు ఫైర్‌ఫాక్స్, ఈమెయిలుకు థండర్‌బర్డ్, సభల వీడియోలకు వీఎల్‌సీ, ఉపన్యాసాల ధ్వనిని సవరించుటకు ఆడాసిటీ, ఫోటోలకు గింప్, పోస్టర్లకు ఇంక్‌స్కేప్ - ఇవి అన్నియు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. వీటిలో అధికం విండోస్‌పై కూడా పనిచేస్తాయి. కాబట్టి నిర్వాహక వ్యవస్థను మార్చుటకు సంకోచించేవారు మొదట ఈ ప్రోగ్రాములకు అలవాటుపడి, తరువాత ఆ అడుగు వేయవచ్చును.

సంకేతపదాల కొరకు కీపాస్‌ఎక్స్‌సీని సిఫారసు చేస్తున్నాను. కార్యదర్శి మారినప్పుడల్లా ఈమెయిలు, బ్యాంకు, వెబ్ ఖాతాల సంకేతపదాలు పాత కార్యదర్శి జేబులో ఉండిపోవుట అనేక శాఖలలో తగవులకు దారితీస్తున్నది. మినిట్స్ పుస్తకం అప్పగించిన విధంగానే సంకేతపదాల పెట్టెను కూడా అప్పగించవలెను.

తెలుగు మాట

మన బులెటిన్‌కు ఖరగ్‌పూరు నుండి, భిలాయి నుండి, షోలాపూరు, భివండీల నుండి తెలుగు కార్మికులు వార్తలు పంపగలగవలెను. అను వంటి పాత ఫాంట్లతో కూర్చిన ఫైలు ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. కారణం ఏమనగా, ఆ పద్ధతిలో తెలుగు లిపి రోమను అక్షరాల స్థానాలలో కూర్చోబెట్టబడినది. యూనికోడ్‌లో 1991 నుండి తెలుగుకు సొంత స్థానాలు ఉన్నవి. యూనికోడ్‌లో రాసిన తెలుగు ఏ యంత్రంలోనైనా, ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపిస్తుంది, వెదికితే దొరుకుతుంది.

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు గ్నూ/లినక్స్‌లోనే సిద్ధంగా ఉంటుంది. మండలి, రామభద్ర, సూరన్న వంటి స్వేచ్ఛా ఫాంట్లు లభిస్తున్నవి. పత్రికల పేజీలు కూర్చే స్క్రైబస్‌లో పూర్వం తెలుగు వత్తులు, గుణింతాలు చెదరిపోయేవి. 2024లో వెలువడిన 1.6 విడుదల నుండి ఆ లోపం తొలగినది. పాత ఫాంట్ల ఫైళ్ళను యూనికోడ్‌కు మార్చే సాధనాలను స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసి ఉంచారు. మార్చిన పిమ్మట తప్పులు సరిచూచుకొనుట మాత్రం తప్పదు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో ఈ ఉద్యమాన్ని సాగిస్తున్నది.

ఇబ్బందులు లేవా?

ఉన్నవి. వాటిని దాచుట మంచిది కాదు. కొన్ని ప్రింటర్లకు, స్కానర్లకు గ్నూ/లినక్స్‌లో పనిచేసే డ్రైవర్లు ఉండవు. అందుచేత కొనుటకు ముందే దుకాణంలో ఆ సంగతి తేల్చుకోవలెను. విండోస్‌కు మాత్రమే తయారైన ప్రత్యేక ప్రోగ్రాము వాడక తప్పనిచో, అందుకొరకు లైసెన్సు గల ఒక యంత్రాన్ని ఉంచుకొనుటలో దోషం లేదు. అన్నిటికన్న పెద్ద ఇబ్బంది అలవాటు. టైపిస్టుగా పనిచేసే సోదరికి ఒక వారం శిక్షణ ఇవ్వకుండా రాత్రికి రాత్రి యంత్రాన్ని మార్చివేసి, పని సాగలేదని ఆమెను నిందించుట యాజమాన్యాల పద్ధతి. మనది కాకూడదు.

ఇది సాధ్యమా అని సందేహించేవారికి కేరళ ఉదాహరణ ఉన్నది. అక్కడ 2001లో ఆరంభమైన పాఠశాలల కంప్యూటరు విద్యా పథకం క్రమంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మారినది. దాని స్థానంలో ఏర్పడిన కైట్ సంస్థ 2024లోనూ తన గ్నూ/లినక్స్ కొత్త విడుదలను బడులకు అందించినది. పిల్లలు నేర్చిన దానిని పెద్దలు నేర్వలేరనుట సరికాదు. భారత ప్రభుత్వం సైతం 2015లో తన కార్యాలయాలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు వాడకంపై విధానాన్ని ప్రకటించినది.

చేయవలసిన పనులు

ముగించుటకు ముందు శాఖలకు కొన్ని సూచనలు. మొదటిది, పాత యంత్రంలోని సమస్తాన్ని రెండు వేర్వేరు డిస్కులకు నకలు తీసి, ఒకటి కార్యాలయంలో, రెండవది వేరొక చోట ఉంచండి. రెండవది, లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుండి నడిపి, ఏమీ ఎక్కించకుండానే ప్రింటరు, ఇంటర్నెట్, తెలుగు టైపింగు పరీక్షించండి. మూడవది, ఏ ప్రోగ్రామునైనా దాని సొంత వెబ్‌సైటు నుండి గాని, లినక్స్‌లోని సాఫ్ట్‌వేరు భాండాగారం నుండి గాని మాత్రమే దింపుకోండి. శోధనలో ముందు కనిపించే ప్రకటనలను నమ్మవద్దు. నాలుగవది, ఎక్కించిన ప్రోగ్రాముల జాబితాను, వాటి లైసెన్సులను కార్యాలయ ఆస్తుల రిజిస్టరులో నమోదు చేయండి. ఐదవది, ఇద్దరికి తక్కువ కాకుండా శిక్షణ ఇవ్వండి. ఒక్కరికే తెలిసిన విద్య ఆ ఒక్కరి సెలవు రోజున శాఖకు అక్కరకు రాదు.

కంప్యూటరు కొన్న సొమ్ము సభ్యుల చెమట నుండి వచ్చినది. ఆ యంత్రంలో దాచిన ప్రతి అక్షరమూ వారిదే. రేపు మన స్థానంలోకి వచ్చే కార్యదర్శి ఆ అక్షరాలను ఎవరి అనుమతీ అడగకుండా తెరచి చదువగలగవలెను. వచ్చే కార్యవర్గ సమావేశపు ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చవలసిందిగా కోరుతున్నాను.