రాలేది చుక్కా? రాకెట్టా?



రాత్రి వాకిట్లో మంచం వేసుకొని పండుకుంటాం. ఆకాశంలో సర్రున ఒక గీత మెరుస్తుంది. "చుక్క రాలింది" అంటాం. నిజానికి చుక్కలు రాలవు. అది ఉల్క. ఎక్కువసార్లు ఇసుక రేణువంత రాయే. మహా వేగంగా వస్తుంది కాబట్టి దాని ముందున్న గాలి అణిగి, విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడికి రాయి మండిపోతుంది.

మరి మనిషి పంపిన రాకెట్ ముక్క కూడా అట్లాగే మండుతూ పడితే? దాన్ని ఉల్క అనవచ్చునా?

డోర్నకల్‌లోనైనా, చుట్టుపక్కల తండాల్లోనైనా అరవై దాటిన వాళ్ల దగ్గర "స్కైలాబ్" అని ఒక్క మాట అని చూడండి. అది 1973లో అమెరికా పైకి పంపిన అంతరిక్ష కేంద్రం. బరువు డెబ్బై టన్నులకు పైనే. మూడు జట్లు అందులో ఉండి వచ్చాయి. తర్వాత ఖాళీగా తిరుగుతూ కిందికి జారింది. ఎక్కడ పడేదీ ముందుగా ఎవరూ చెప్పలేకపోయారు. ఇంకేముంది, పుకార్లు! లోకం ఆఖరని మేకలు, కోళ్లు కోసుకు తిన్నవాళ్లున్నారు. గొడ్లను అగ్గువకు అమ్ముకున్నవాళ్లున్నారు. 1979 జూలై 11న అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి భాగంలో ముక్కలై పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అమ్ముకున్న గొడ్లు మాత్రం తిరిగి రాలేదు.

వెలుగును చూస్తే రెండూ ఒకటే. కొందరు దీన్ని కృత్రిమ ఉల్క అంటారు. కానీ 2017లో ఖగోళ శాస్త్రజ్ఞులు ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఉల్కను పుట్టించే రాయి ప్రకృతిలోనిదై ఉండాలి. రాకెట్ మనిషి చేసింది. కాబట్టి వెలుగు ఉల్కలాంటిదే, వస్తువు మాత్రం ఉల్కరాయి కాదు.

కంటితోనే తేడా పట్టవచ్చు. ఉల్క సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్లు పోతుంది. ఒకటి, రెండు అనేలోపే మాయం. రాకెట్ ముక్క వేగం సుమారు 8 కిలోమీటర్లే. అందుకే నెమ్మదిగా, చీలిపోతూ, ఒక్కోసారి నిమిషం దాకా కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 2, ఉగాది సాయంత్రం, ఇట్లాంటి వెలుగుల వరుసే కనిపించింది. మన ఆసిఫాబాద్‌కు ఆనుకొని ఉన్న చంద్రాపూర్ జిల్లాలో, లాడ్‌బోరి అనే ఊళ్లో, పెద్ద లోహపు కడియం పడింది. అది చైనా రాకెట్‌దని నిపుణులు తేల్చారు.

అట్లాంటిది మన చెలకలో పడితే పాత ఇనుపసామాను వాడికి అమ్మబోకండి. కొన్ని రాకెట్ల ఇంధనం విషం. ముట్టుకోకుండా, పిల్లల్ని దూరం పెట్టి, పోలీసు ఠాణాకు కబురు చేయండి.