ఎక్స్‌రేలో మచ్చ అంటే టీబీయేనా?

(యూనియన్ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1884లో బెంగుళూరులో మొదలైన బిన్నీ మిల్లు ఇప్పుడు లేదు. అలాంటి మిల్లుల బ్లోరూముల్లో, కార్డింగుల్లో పనిచేసిన మన పెద్దలు మాత్రం ఉన్నారు, దగ్గుతూనే ఉన్నారు. అందుకే ఈ పూట బోనస్ సంగతి పక్కనపెట్టి ఎక్స్‌రే గురించి మాట్లాడుతున్నాం.

మనలో ఒక అన్న. కార్డింగులో ముప్పై ఏళ్లు, రోజుకో కట్ట బీడీ. దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రే తీసి, మచ్చ ఉంది, టీబీ అన్నారు. కళ్లె పరీక్షలో క్రిములు కనబడలేదు. అయినా మాత్రలిచ్చారు. నాలుగు నెలలు మింగాడు. మచ్చ పెరిగింది. చివరికి తేలింది, కాన్సర్ అని. ఇదేమిటని అప్పుడు మనమూ అడగలేదు.

టీబీ అయినా, నిమోనియా అయినా, కాన్సర్ అయినా ఎక్స్‌రేలో తెల్లటి నీడే. గుండె చాటున, ఎముకల చాటున ఉన్న చిన్న గడ్డ అసలు కనబడకపోవచ్చు. సీటీ స్కాను ఛాతీని రొట్టె కోసినట్టు పొరలుగా చూపిస్తుంది. గడ్డ ఎంతుంది, ఎక్కడికి పాకింది అన్నది చూశాకే ఆపరేషనా, మందులా, మనవాళ్లు కరెంటు పెట్టడం అనే రేడియేషనా అన్నది తేలుస్తారు. వైద్యం పనిచేస్తోందా అన్నదీ మళ్లీ స్కాను తీసే చూస్తారు.

అయితే స్కానొక్కటే చాలదు. పెట్ స్కానులో కాన్సర్ వెలుగుతుంది, టీబీ కూడా వెలుగుతుంది. సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తేనే ఖాయం. మాత్రలు మొదలుపెట్టేముందే ఇది అడగండి. 1973లో ఏర్పడ్డ కిద్వాయ్ కాన్సర్ ఆసుపత్రి మన ఊళ్లోనే, హోసూరు రోడ్డులో ఉంది.

పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ వేరే జబ్బు. చట్టం ప్రకారం అది వృత్తి జబ్బు. సెలవు తర్వాత సోమవారం డ్యూటీ ఎక్కగానే ఛాతీ పట్టేస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడదు, గొట్టంలో ఊదించే పరీక్ష కావాలి. ‘ఎక్స్‌రే బాగుంది, నీకేం లేదు’ అని యాజమాన్యం కాగితమిస్తే సంతకం పెట్టకండి.

పాత ఫిల్ములు పారేయకండి. రెండేళ్లుగా పెరగని గట్టి మచ్చ చాలావరకు ప్రమాదం లేనిది, కొత్తగా వచ్చిందైతే ఆలస్యం చేయకూడదు. డాక్టరు పోల్చి చూడాలంటే పాతది ఉండాలి కదా! ఇంట్లో చోటు లేనివాళ్లు తెచ్చివ్వండి, మన ఆఫీసు బీరువాలో ఒక అర ఖాళీ చేశాం.