పసిబిడ్డ చెవుడు - తల్లి తప్పూ కాదు, ఆమె ఒక్కదాని చాకిరీ కాదు

(పినపాకలో తల్లులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సాయంత్రం ఇక్కడికి దగ్గర్లోని కోయగూడెంలో ఒక తల్లి దగ్గర కూర్చున్నాను. ఆమె కొడుక్కి మూడేళ్ళు. పిలిస్తే పలకడు. వినపడదని ఎప్పుడు తెలిసిందని అడిగాను. "ఏడాది నిండకముందే తెలిసిందక్కా. పక్కనే బిందె పడ్డా ఉలిక్కిపడలేదు. చెబితే, మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే అన్నారు" అంది. కాసేపాగి, గొంతు తగ్గించి, "కడుపుతో ఉన్నప్పుడు నేనే ఏదో తప్పు చేశానంటున్నారు" అంది.

అందరికంటే ముందు కనిపెట్టింది తల్లి. ఆమె మాట ఎవరూ నమ్మలేదు. నింద మాత్రం ఆమె మీదే వేశారు. పుట్టు చెవుడు వంశపారంపర్యంగా వస్తే చాలాసార్లు అది తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది. గర్భిణికి రుబెల్లా సోకినా, నెలలు నిండకుండా పుట్టినా, పసిరికలు ముదిరినా, మెదడువాపు వచ్చినా వినికిడి పోవచ్చు. ఇందులో తల్లి చేసిన పాపమేముంది?

తొందరగా కనిపెట్టడం ఎందుకంటే, భాష అబ్బేది తొలి ఏళ్ళలోనే. అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం 1998లో ప్రచురించిన పరిశోధన, ఆరు నెలల లోపు గుర్తించి సాయమందిన పిల్లలకు భాష ఎంతో మెరుగ్గా వచ్చిందని చూపింది. నోటి మాట నేర్పినా, సైగలు నేర్పినా ఆ మేలు కనిపించింది. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న శబ్దం పంపి, లోపలి నుంచి వచ్చే ప్రతిధ్వనిని కొలిచే పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు.

ఆ తర్వాత కావలసింది ఇంటికొచ్చే మనిషి. చెవి మిషన్ సరిగా పనిచేస్తోందా చూసి, బిడ్డకు ముఖం కనబడేలా కూర్చోవడం, నీళ్ళు పోస్తూ, అన్నం పెడుతూ మాటా సైగా కలపడం, బిడ్డ బదులిచ్చేదాకా ఆగడం ఇంటిల్లిపాదికీ నేర్పే మనిషి.

సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని గనక నాకు మరో ప్రశ్న వస్తుంది. "కుటుంబానికి శిక్షణ" అంటాం. ఆ కుటుంబం ఎవరు? ఆచరణలో తల్లి ఒక్కతే. బిడ్డ చెవి పెరిగినకొద్దీ మిషన్ అచ్చు మార్చాలి, బ్యాటరీలు కొనాలి. మిరప కోతల రోజుల్లో కూలి వదులుకుని, మణుగూరు మీదుగా కొత్తగూడెం బస్సెక్కేదీ ఆమే. బిడ్డకు మాట రాకపోతే, "నువ్వు ఇంట్లో సరిగా చెప్పించలేదు" అన్న మాట పడేదీ ఆమే. అదే ఆడపిల్లయితే ఆ బస్సు ఖర్చయినా పెడతారా? మనల్ని మనమే అడుగుదాం.

ఇంకో సంగతి. ఇంట్లో కోయ మాట్లాడే తల్లికి "బిడ్డతో తెలుగే మాట్లాడు" అని సలహా ఇస్తే, ఆమె నోరు మూతపడుతుంది. వినపడని బిడ్డకు మాట్లాడని తల్లి మిగులుతుంది! తల్లికి ఏ భాషలో నవ్వూ కోపమూ వస్తాయో బిడ్డకు ఆ భాషే అందాలి. దాంతోపాటు సైగల భాష కూడా. సైగలు నేర్పితే మాట రాదన్న భయం వద్దు. పెద్దవాళ్ళైన బధిరులే ఆ భాషకు మంచి గురువులు.

మనం అడుగుతున్నది దయ కాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. అంగన్‌వాడీ పిల్లల్ని ఏటా రెండుసార్లు పరీక్షించాలన్నది దాని నియమం. అందులో వినికిడి లోపం కూడా ఉంది. పిల్లలందరినీ ఏడాదికొకసారైనా పరీక్షించాలని, పల్లెల్లో దగ్గర్లోనే ఉచిత వైద్యం అందాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

కాబట్టి, తల్లికి దారి ఖర్చులూ పోయిన కూలీ ఇవ్వాలి. కోయ మాట్లాడే స్థానిక స్త్రీలకు ఈ పనిలో శిక్షణనిచ్చి జీతంతో నియమించాలి. ఇప్పటికే నడుం విరుగుతున్న అంగన్‌వాడీ అక్క నెత్తిన ఇది మరో మూటగా పెట్టకూడదు. తండ్రులూ వచ్చి కూర్చుని నేర్చుకోవాలి.

నేను లేచి వస్తుంటే ఆ పిల్లాడు తల్లి కొంగు లాగి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించాడు. ఆమె లేచి నీళ్ళిచ్చింది. ఆ సైగ వాళ్ళకు ఎవరూ నేర్పలేదు, ఇద్దరూ కల్పించుకున్నారు. వాళ్ళు చెయ్యగలిగింది చేశారు. మిగిలింది మన బాధ్యత, ప్రభుత్వ బాధ్యత.