కందపులుసు



నేడు కందపులుసును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిని. వంటయింటి ముచ్చట పెద్దల కేల యని కొందఱనవచ్చును. పెరటిలో నేది నాటవలెనో నిర్ణయించువారు మీరే గదా! నేను చూచినంతవఱకు మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో పెక్కు పెరళ్ళు వట్టినేలలైనవి, కంద సంతసరుకైనది.

ఉత్తర అమెరికాలో ప్రొద్దుతిరుగుడు జాతి దుంప యొకటి కలదు. జెరూసలేము ఆర్టిచోకని దాని పేరు; ఆ నగరముతో దానికి సంబంధమే లేదు. రెండవ ప్రపంచయుద్ధములో జర్మనులు ఫ్రాన్సు దేశపు బంగాళాదుంపలను కొనిపోవుచుండగా, ఆ దేశీయులు ఈ దుంపను ఉడికించుకొని ప్రాణములు నిలుపుకొనిరి. యుద్ధము ముగిసినంతనే పెక్కుమంది దాని మొగము చూడనొల్లరైరి. ఆకలినాటి తిండికి లోకము చేయు మర్యాద యట్టిది.

మనకును అట్టి దినములు కలవు. 1866లో గంజాము జిల్లాను కఱవు పీడించినపుడు శ్రీకాకుళము ఆ జిల్లాలోనిదే. 1942లో బర్మా జపానువారి వశము కాగా రంగూను బియ్యము నిలిచిపోయినది. రంగమునకు కూలికి పోయిన మనవారెందఱో అడవులదారిని నడచి వచ్చిరి. తిరువాన్కూరు ప్రజలకు ఆ కాలమున కఱ్ఱపెండలమే అన్నమైనది. ఒక్క పంటనే నమ్ముకొన్నవారికి ముప్పు తప్పదు. 1845లో తెగులు సోకి బంగాళాదుంప చెడగా ఐర్లండులో లక్షలమంది మరణించిరి. కావున వరి యుండగా కంద యేల యను ప్రశ్న నాకు రుచింపదు.

కందకు లేని దురద కత్తిపీట కేల యని మనవారి సామెత. దురద కందకు నిజముగా కలదు. దుంపలో సూదులవంటి సన్నని స్ఫటికములుండి, అవి చర్మమున, గొంతున గుచ్చుకొనును. అప్పుడే త్రవ్విన దుంపకంటె కొన్ని వారములు నీడను ఆరినది మేలు. కొవ్వూరు పరిశోధనా స్థానమువారు ఎంపికచేసిన గజేంద్ర రకమునకు దురద తక్కువ. విత్తనము కొనువారు దానిని అడుగుడు.

వండు విధము చెప్పెదను. ఆఱుగురికి అరకిలో దుంప చాలును. చేతులకు నూనె రాచుకొని, తొక్కను మందముగా చెక్కి, ముక్కలు కోసి, రెండు మూడు నీళ్ళలో కడుగవలెను. చింతపండు నిమ్మకాయంత నానవేసి, ఆ పులుసులో సగము పోసి ముక్కలను ఉడికింపవలెను. ఇచ్చట తొందర కూడదు. వ్రేలితో నొక్కిన మెత్తగా నలిగినపుడే దింపవలెను. అరయుడుకు కంద గొంతును వదలదు. ఆ నీటిని పాఱబోసి, మిగిలిన పులుసు, ఉప్పు, పసుపు, ఎండుమిరపకాయలు, చిన్న బెల్లపుముక్క వేసి, గుప్పెడు ఉడికిన కందిపప్పును మెదిపి కలుపవలెను. దుంపలో మాంసకృత్తులు స్వల్పము; పప్పు ఆ కొఱత తీర్చును. బచ్చలియాకు దొరకిన అదియు వేయుడు. చిక్కదనమునకు చెంచాడు బియ్యపుపిండి. ఆవపిండిని మాత్రము దింపిన పిదపనే కలుపవలెను; పొయ్యిమీద మఱగిన ఆవ చేదెక్కును. కొందఱిండ్లలో ఆవ మఱచి ఇంగువ కుమ్మరించుట చూచితిని. అది వేఱొక వంటకము, కందపులుసు గాదు.

మూత్రపిండములలో రాళ్ళున్నవారు దీనిని మితముగా తినవలెను, లేదా వైద్యుని అడిగి తినవలెను.

వానలకు ముందు ముక్కలు నాటిన, ఆకు పండి వాలునాటికి, అనగా ఎనిమిది నెలలకు, దుంప చేతికి వచ్చును. నాలుగు మొక్కలకు పాదులు తీసి పేడయెరువు వేసిన పెరటికి చాలును. రాత్రి మిగిలిన పులుసు ఉదయము చోడియంబలికి మఱింత పొందికగా నుండును.